లహాపా పెట్టిన చుక్క

లహాపా కెయాలామకియాకు కోపం వస్తే తాను మాట్లాడదు, చేతిలో బకెట్టు మాట్లాడుతుంది. హలేకై పార్కులో పొద్దున్నే బకెట్టు నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించిందంటే ఆ పూట ఆమె దగ్గరికి వెళ్ళకూడదని హీలో టౌను పక్కనున్న కెయౌకహా పేట పిల్లలందరికీ తెలుసు. ఆ సంవత్సరం, అంటే 1976లో, సెప్టెంబరు మొదలు క్రిస్మస్ దాకా ఆ చప్పుడు ఆగలేదు.

అప్పటికి ఆమెకు అరవై రెండేళ్ళు. పార్కుల ఆఫీసు రిజిస్టరులో ఆమె ఉద్యోగానికి ఏదో పొడుగాటి పేరుంది గాని, చేసే పని పాయిఖానాలు కడగడం, ఈతకొచ్చినవాళ్ళు పారేసిన సీసాలు ఏరడం. అంతకు ముందు అదే ఆవరణలో, లోరింగు దొరల బంగళా ఉన్న రోజుల్లో, ముప్ఫై ఏళ్ళకు పైగా బట్టలు ఇస్త్రీ చేసింది. బంగళా ఉన్నంతకాలం ఇస్త్రీ పెట్టె, బంగళా పోయాక పాయిఖానా చీపురు. "అందరూ మెట్లెక్కుతారు, మా అక్క దిగుతుంది" అని చెల్లెలు నలుగురిలో నవ్వేది.

నవ్వడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. హీలో హోటళ్ళలో అంతకు రెట్టింపు జీతానికి పిలిచారు, వెళ్ళలేదు. పెళ్ళయిన రెండో ఏడు మొగుడికి హోనొలులు రేవులో పని దొరికింది. రమ్మని మూడు ఉత్తరాలు రాశాడు. వెళ్ళలేదు. నాలుగో ఉత్తరం అతని దగ్గర నుంచి కాదు, అతనితో ఉంటున్న మనిషి దగ్గర నుంచి వచ్చింది. అది చదివి మడిచి పొయ్యిలో పెట్టి, మర్నాడు మామూలుగా ఇస్త్రీకి వెళ్ళింది. దొరల ఉప్పు తిన్న విశ్వాసమని కొందరన్నారు, మొండి ఘటమని కొందరన్నారు. దొరల మీద ఆమెకు విశ్వాసమూ లేదు, పాడూ లేదు. ఆమె ఆ నేల వదలకపోవడానికి కారణం వేరే ఉంది. దాన్ని ఎవరికీ చెప్పకూడదు. చెప్పకూడని కారణంతో బతికే మనిషిని లోకం మొండిదనే అంటుంది.

ఆ నేల ఒకప్పుడు లహాపా తాత ముత్తాతలది. 1911లో లోరింగు దొర కొన్నాడని కాగితాలు చెబుతాయి. ఎవరమ్మారో, ఎంతకమ్మారో ఆ కాగితాలు చెప్పవు. దొరసానికి సముద్రపు గాలి పడుతుందని డాక్టరన్నాడట, దొర వచ్చి నల్లరాతి ఒడ్డు మీద పద్దెనిమిది గదుల బంగళా కట్టాడు. అప్పటికి అక్కడ గుడిసెలో ఉంటున్న లహాపా తాతను వెళ్ళగొట్టలేదు, మంచివాడు. "మీరెక్కడికీ పోనక్కర్లేదు, ఇక్కడే ఉండండి, పని చేసుకోండి" అన్నాడు. అలా ఇంటివాళ్ళు పనివాళ్ళయ్యారు. లహాపా నాన్న కముయెలా తన నేల మీద తానే తోటమాలిగా కుదిరి, తోటమాలిగానే పోయాడు. సముద్రానికి అడ్డుగా ఉన్న గోడ అతను పేర్చిందే. చన్నీటి ఊటలున్న చేపల మడుగు, దాని చుట్టూ మొగలి పొదలు, గంగరావి చెట్ల వరస, అన్నీ అతని చేతి చలవే. ఇప్పుడు పార్కు ద్వారం దగ్గరున్న ఇత్తడి పలక మీద మాత్రం 'లోరింగు కుటుంబం వారి తోట' అని ఉంది. ఆ పలక తుడిచే పని కూడా లహాపాదే.

1930లో దొరకు టెన్నిసు మీద మోజు పుట్టింది. మడుగు వెనక చదునుగా ఉన్న జాగా చూపించి అక్కడ ఆటస్థలం వేయిద్దామన్నాడు. కముయెలా టోపీ తీసి చేతిలో పట్టుకుని, "అక్కడ లోపలంతా బోలు దొరా, నలుగురు గెంతితే కూలుతుంది. బట్టల గదైతే బరువుండదు" అన్నాడు. దొర సరేనన్నాడు. ఆ గదికి రాతి నేల పరిచే పని కముయెలా మేస్త్రీకి ఇవ్వలేదు. మూడు వారాలు ఒక్కడే పరిచాడు.

ఆ నేల కింద ఏముందో ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు, ఇప్పుడక్కడ ఏమీ లేదు. లావా చల్లారినప్పుడు ఏర్పడ్డ గుహ ఒకటుండేది, మనిషి వంగి దూరగలిగినంతది. అందులో లహాపా వంశంలో పెద్దల ఎముకలు మూటలు కట్టి దాచి ఉన్నాయి. మా వాళ్ళలో పెద్దల ఎముకలంటే ప్రాణం కన్నా ఎక్కువ. అవి పరాయివాడి చేతిలో పడితే వంశానికి అంతకు మించిన అవమానం లేదు. అందుకని ఎక్కడున్నాయో ఒక్కరికే తెలియాలి, ఆ ఒక్కరు పోయేముందు ఇంకొక్కరికి చెప్పాలి. సమాధి కట్టరు, గుర్తు పెట్టరు, పువ్వులు పెట్టరు.

లహాపాకు ఆ సంగతి పందొమ్మిదో ఏట తెలిసింది. తొలిచూలు ఆడపిల్ల, పేరు మిలి, పదకొండు రోజులు బతికింది. పన్నెండో రోజు కముయెలా బిడ్డను తీసుకువెళ్ళాడు. మర్నాడు తెల్లారి కూతురిని బట్టల గదికి తీసుకొచ్చి, ఇస్త్రీ బల్ల పక్కనున్న రెండు బండలు కాలితో తట్టి చూపించాడు.

"ఇక్కడే ఉంది. మా అమ్మ పక్కన పెట్టాను. చలేస్తుందని బెంగ పెట్టుకోకు, లోపల పొడిగా ఉంటుంది."

లహాపా వంగి ఆ బండ మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరికీ చెప్పకు. నీ మొగుడికీ చెప్పకు. ఎవరైనా గట్టిగా పట్టుబట్టి అడిగితే ఇంకో చోటు చూపించు. మనవాళ్ళంతా అట్లాగే చేశారు."

అందుకని ఆమె హోనొలులు వెళ్ళలేదు, హోటలుకు వెళ్ళలేదు. రోజూ ఆ బండల మీద నిలబడి దొరల దుప్పట్లు ఇస్త్రీ చేసింది. 1946 సునామీ బంగళా ముందు భాగాన్ని, బట్టల గది గోడలను ఊడ్చుకుపోయింది. నీళ్ళు తీసిన మరుక్షణం లహాపా పరుగెత్తుకొచ్చి రాతి నేల మీద మోకాళ్ళ మీద కూలబడి, ఒక్కో బండా తడిమి చూసింది. ఒక్కటీ కదల్లేదు. అప్పుడు భోరుమని ఏడ్చింది. పోయిన పియానో కోసం ఏడుస్తున్న చిన్న దొరసాని అది చూసి, "ఊరుకో లహాపా, కొత్త ఇస్త్రీ పెట్టెలు కొనిపెడతాలే" అంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా లహాపాకు నవ్వొచ్చేది, ఆ వెనకే ఒళ్ళు మండేది.

1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే దొర మనవడు ఆ నేలను పార్కు కోసం ఇచ్చేశాడు. చెదలు పట్టిన బంగళాను, సునామీ తర్వాత మళ్ళీ కట్టిన బట్టల గది గోడలను కూల్చేశారు. బట్టల గది నేల మాత్రం అలాగే మిగిలింది. ఆదివారాలు దాని మీద చాపలు పరుచుకుని జనం అన్నాలు తినేవారు, పిల్లలు నిద్రపోయేవారు. అది లహాపాకు తప్పనిపించలేదు. పాయిఖానాలు కడిగే పని పడిందని తెలిసి మొదటి దరఖాస్తు ఆమే పెట్టింది.

అలా ఇంకో ఎనిమిదేళ్ళు గడిచాయి. పాత రేకుల పాయిఖానాలు చాలడం లేదని కొత్తవి కట్టాలనుకున్నారు. మడుగుకు ఇవతల, పెద్ద పొన్నచెట్టు పక్కన జాగా చూశారు. అది బట్టల గదికి రెండు వందల అడుగుల దూరం. లహాపా ప్లాను చూసి హమ్మయ్య అనుకుంది. పొన్నచెట్టు పోతుందే అని కాస్త బాధపడింది, అంతే. కథ అక్కడితో సరిపోవలసింది.

సరిపోనివ్వనిది ఆమె చెల్లెలి కూతురు ఉలులాని. హోనొలులులో చదివి వచ్చిన పిల్ల, మంచి పిల్లే. మన నేల, మన భాష, మన పెద్దలు అంటూ తిరుగుతూ ఉండేది. కెయౌకహా బడిలో ప్లాను మీద జనం మాట వినడానికి సభ పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు, మూడో నిమిషం కాగానే ఒకాయన గంట కొడతాడు. ఉలులాని మైకు పట్టుకుని, "హలేకైలో మా పెద్దల ఎముకలున్నాయి! మా అమ్మమ్మ చెప్పేది! వాటి మీద పాయిఖానాలు కడతారా?" అంది. చప్పట్లు మోగాయి. వెనక వరసలో కూర్చున్న లహాపా కళ్ళు మూసుకుంది.

ఇంటికొచ్చాక బకెట్టు లేదు గనక నోటితోనే అంది. "ఎవరడిగారే నిన్ను?"

"అదేంటి ఆంటీ? నువ్వు చెప్పాల్సింది నేను చెప్పా. మెచ్చుకోవాల్సింది పోయి..."

"ఉన్నాయని చెప్పావు. ఇక ఎక్కడున్నాయని అడగరా?"

"అడగనీ! చూపిద్దాం. నీకు తెలుసుగా?"

"నాకేం తెలుసు? నాకు ఇస్త్రీ తెలుసు, కడగడం తెలుసు."

వాళ్ళు అడిగారు. అడగడానికి పార్కుల ఆఫీసు ఇంజినీరు నకాషిమా స్వయంగా వచ్చాడు. నెమ్మదస్తుడు, హీలోలోనే పుట్టి పెరిగినవాడు, పెద్దవాళ్ళతో టోపీ తీసి మాట్లాడతాడు. అతన్ని తిట్టుకోవడానికి కూడా లేకపోయింది లహాపాకు. కారు ముందు భాగం మీద పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టి, ఆమె చేతికి పెన్సిలిచ్చాడు.

"ఆంటీ, మీ వంశం ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. మీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. ఇక్కడొక చుక్క పెట్టండి, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

"పెట్టకపోతే?"

"మ్యూజియం వాళ్ళొస్తారు. పదడుగులకో గొయ్యి చొప్పున ఆవరణంతా తవ్వి చూస్తారు. నాకూ ఇష్టం లేదు. సభలో మాట రాసుకున్నారుగా, ఇక వదలరు."

"దొరికితే ఏం చేస్తారు?"

"పెట్టెలో పెట్టి నంబరేసి తీసుకెళ్తారు. చాలా జాగ్రత్తగానే చూస్తారులెండి."

లహాపా పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. నంబరేస్తారట! ఆమెకు నాన్న మాట గుర్తొచ్చింది. ఇంకో చోటు చూపించు. అప్పుడు బుర్రలో ఒక తెలివి తళుక్కుమంది. చుక్క పొన్నచెట్టు కింద పెడితే? గోతులు తవ్వరు, చెట్టూ మిగులుతుంది, బట్టల గది జోలికెవరూ రారు. పెన్సిలు మొన గట్టిగా ఒత్తి, పొన్నచెట్టు మొదట్లో నల్లగా ఒక చుక్క పెట్టింది.

"ఖాయమేనా ఆంటీ?"

"మా నాన్న చూపించాడు" అంది, రెప్ప వెయ్యకుండా.

నకాషిమా ఆమె ముందు తల వంచాడు. అతనికంత గౌరవం కలిగింది. ఆ రోజు లహాపా ఇంటికి వెళ్తూ దారంతా తనలో తాను నవ్వుకుంది. జన్మలో మొదటిసారి ఆఫీసు వాళ్ళను బోల్తా కొట్టించానని ఆమె సంబరం. రాత్రి ఎండుచేప కాల్చుకుని, చేమదుంప గుజ్జు రెండు గిన్నెలు తింది.

నెల తిరక్కుండానే పొన్నచెట్టు చుట్టూ నల్లరాతి పిట్టగోడ కట్టారు. పలక నాటారు. 'పెద్దలు నిద్రిస్తున్న చోటు. గౌరవించండి.' ఉలులాని ఏడుస్తూ పూలదండ వేసి వెళ్ళింది. హీలో నుంచి ఫోటోలు తీసుకునేవాళ్ళు మొదలయ్యారు. చూసి చూసి లహాపాకు నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

నవంబరు రెండో వారంలో ఒక సోమవారం పనికి వచ్చేసరికి బట్టల గది రాతి నేలకు నాలుగు పక్కలా కర్రలు పాతి, ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఆమె చేతిలో బకెట్టు జారిపోయింది. ఈసారి విసరలేదు, జారిపోయింది.

నకాషిమాను వెతుక్కుంటూ వెళ్ళింది.

"ఆ రిబ్బనేంటి బాబూ?"

"మీ పుణ్యమే ఆంటీ! పొన్నచెట్టు దగ్గర కుదరదుగా, ఇక్కడికి మార్చాం. చదునైన జాగా, రోడ్డుకు దగ్గర. ఆ పాత బండలు పీకేసి సెప్టిక్ ట్యాంకు దింపితే సరి."

లహాపా రిబ్బను వైపు తిరిగి చూసింది. నలభై మూడేళ్ళు కాపాడుకొచ్చిన చోటుకు, తన చేత్తో పెట్టిన చుక్కే మలం తొట్టెను తోలుకొచ్చింది. పెన్సిలు ముట్టుకోకుండా ఉన్నా బాగుండేది.

"అక్కడొద్దు" అంది.

"ఎందుకని?"

చెప్పకూడదు. చెప్పకపోతే చోటు దక్కదు. చివరికి నేల చూపులు చూస్తూ, "అక్కడే ఉన్నారు" అంది.

నకాషిమా పొన్నచెట్టు వైపు చూశాడు. "పొన్నచెట్టు కింద కదా ఉన్నారు?"

"అది... అప్పుడట్లా చెప్పా."

"మీ నాన్నగారు చూపించారన్నారు."

"చూపించింది ఇక్కడే."

"ఆంటీ, మొన్న అక్కడన్నారు, ఇవాళ ఇక్కడంటున్నారు. రేపు రోడ్డుకు దగ్గరగా పాయిఖానాలు వద్దని ఇంకెవరో ఇంకో చోటంటారు. నేనేం రాయను కాగితం మీద? గోడ కట్టాం, పలక వేశాం, దానికి అయిన ఖర్చు నా పేర రాసుంది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె కూడా అరిచేది, కాస్త తేలికపడేది. "రుజువుంటే చెప్పండి, ఆపిస్తా."

రుజువెక్కడిది! బండ లేపి చూపించాలి. చూపిస్తే నంబరేస్తారు. చూపించకపోతే తొట్టె దింపుతారు.

అయినా ఊరుకోలేదు. హీలో ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఫారం ఇచ్చారు. రెండోసారి అది తప్పు ఫారం అన్నారు. మూడోసారి కిటికీ వెనకున్న అమ్మాయి ఫైలు తిరగేసి, "మీ పెద్దల స్థలం గుర్తించడం అయిపోయిందే, ఇదిగో మీరు పెట్టిన గుర్తు" అని పొన్నచెట్టు చుక్కను వేలు పెట్టి చూపించింది. లహాపా ఆ చుక్క వంక చూసింది. చించి నమిలి మింగాలనిపించింది.

ఉలులానికి చెప్పుకుంటే ఆ పిల్ల నిర్ఘాంతపోయింది. "అయితే నేను దండ వేసింది ఉత్త చెట్టుకా?"

"చెట్టుకే. దానికేం, మంచి చెట్టు."

"ఆంటీ, నాకైనా నిజం చెప్పొచ్చు కదా!"

"నువ్వు మైకు కనబడితే ఆగవే!"

"సరే, ఇప్పుడు పేపరు వాళ్ళను పిలుద్దాం. అందరం వెళ్ళి ఆ బండల మీద కూర్చుందాం."

"కూర్చుంటే ఊరంతటికీ తెలుస్తుంది. నీకెట్లా చెప్పనే, తెలియడమే పోవడం!" లహాపా లేచి నిలబడింది. "నువ్వూ వద్దు, నీ పేపరూ వద్దు. నీ ట్రక్కు తాళాలు మాత్రం నా దగ్గర పెట్టు."

డిసెంబరు రెండో మంగళవారం తవ్వే యంత్రం వచ్చింది. నడిపేది హైరమ్ కపూనై, కెయౌకహా కుర్రాడే. కుర్రాడంటే నలభై దాటినవాడు, లహాపా కళ్ళెదుట పెరిగాడు. అతని వెంట ఇద్దరు కూలీలు. ఎడతెగని సన్నవాన. లహాపా వాన కోటు వేసుకుని, గునపం పట్టుకుని రాతి నేల నడిమధ్య నిలబడి ఉంది. ఉలులాని ట్రక్కు, ఒక దుప్పటి తెచ్చుకుంది గాని, ఎవరి కంటా పడకుండా బండలు ఎట్లా లేపాలో ఆమెకే తెలియదు. మనిషిని తొక్కించుకుంటూ పోలేడు గదా, అంతవరకే ఆలోచించింది.

హైరమ్ యంత్రం ఆపి దిగి, ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. బండల మీద కాలు పెట్టలేదు.

"ఇక్కడేనా ఆంటీ?"

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు పొన్నచెట్టు అన్నావని తెలిసిన రోజే అనుకున్నా, అక్కడ మాత్రం ఏం లేదని." హైరమ్ నవ్వాడు. "మా తూతూ, మా నాయనమ్మ, మూడు చోట్లు చెప్పింది, ముగ్గురు కొడుకులకీ. మూడూ అబద్ధాలే. నువ్వు మొదటిసారే నిజం చెప్పుంటే నేను నమ్మేవాణ్ణి కాదు."

నెలరోజులుగా ఎంతమంది ముందో నిజం చెప్పి నమ్మించలేకపోయింది. అబద్ధం చెప్పినందుకే నమ్మినవాడు ఇప్పటికి ఒకడు దొరికాడు. లహాపా గునపం మీద వాలిపోయి, ఏడుపాపుకుంది.

"నేను తవ్వనంటే రేపు ఇంకొకణ్ణి పంపిస్తారు" అన్నాడు హైరమ్. "వాడికి ఇదేమీ పట్టదు. నీకున్నది ఇవాళే."

అతను యంత్రం దగ్గరికి వెళ్ళి బ్యాటరీ ఊడదీసి, కూలీలను పిలిచాడు. "ఇది చచ్చిందిరా. టౌనుకెళ్ళి మార్చి తీసుకురండి. ఇద్దరూ వెళ్ళండి, బరువు. తొందరేం లేదు, మనపువా రొట్టెలు తినేసి రండి." వాళ్ళు వెళ్ళిపోయాక పార్కు గేటుకు గొలుసు వేసి వచ్చి, యంత్రమెక్కి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"సాయం రమ్మంటే వస్తా ఆంటీ. కానీ నేను చూడకపోతేనే మంచిది కదా."

"చూడకు" అంది లహాపా.

బండలు లేపడం అరవై రెండేళ్ళ ఒంటికి చిన్న పని కాదు. కముయెలా సందు లేకుండా పరిచాడు. గునపం మొన దూర్చడానికే గంట పట్టింది. చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. నాన్న అంత బాగా పని చెయ్యకుండా ఉండాల్సిందని ఆయన్నే తిట్టింది. తనను తిట్టుకుంది, ఉలులానిని తిట్టింది, లోరింగులను తరతరాలూ కలిపి తిట్టింది. యంత్రం మీద హైరమ్ వీపు కదల్లేదు. వాన అతని టోపీ మీంచి కారి మెడలోకి పోతూనే ఉంది.

లోపల నాన్న చెప్పినట్టే పొడిగా ఉంది. మూడు పెద్ద మూటలు, చెట్టు నారబట్టలో చుట్టి, చాపలో కట్టి ఉన్నాయి. పట్టుకుంటే విచ్చిపోతాయేమోనని తన దుప్పటి కిందికి తోసి, దుప్పటితోనే ఎత్తింది. ఒక్కో మూట ఎత్తుతూ పేరు పెట్టి పిలిచి, క్షమించమంది. పాయిఖానా సామాన్లు తోసుకెళ్ళే బండి పక్కనే ఉంది గాని దాన్ని ముట్టుకోలేదు. మొగలాకు బుట్టలు ఇంటి నుంచి తెచ్చుకుంది. బుట్టలు ఒక్కొక్కటే ట్రక్కులోకి మోసింది.

నాలుగోది చిన్న మూట. చివరికి ఉంచుకుంది. బిడ్డను దేనిలో చుట్టాడో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అది దిండు గలేబు, లోరింగుల ఇంటిది, మూలన దారంతో కుట్టిన అక్షరం ఇంకా ఉంది. అంచు మడత చూసి గుర్తుపట్టింది. అలా మడిచి ఇస్త్రీ చేసేది ఆ ఇంట్లో తనొక్కతే. తను ఇస్త్రీ చేసిన బట్టలోనే బిడ్డ నలభై మూడేళ్ళు పడుకుంది. ఎత్తుకుంటే బరువే లేదు. బుట్టలో పెట్టలేదు. వాన కోటు లోపల రొమ్ముకు ఆనించుకుని, ఒక చేత్తో కోటు పట్టుకుని ట్రక్కు దాకా నడిచింది.

బండలు తిరిగి పరిచే ఓపిక లేదు. ట్రక్కు యంత్రం పక్కగా వెళ్ళినప్పుడు హైరమ్ తల తిప్పలేదు. ఎక్కడికని అడగలేదు. ఎక్కడికి తీసుకెళ్ళిందో కెయౌకహాలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఉలులాని అడిగింది, అలిగింది, మళ్ళీ అడిగింది. చెప్పిందో లేదో ఆ పిల్లా చెప్పదు, కనుక చెప్పే ఉంటుంది.

వారం రోజుల్లో గొయ్యి తవ్వారు, తొట్టె దింపారు, గోడలు లేపారు. పొన్నచెట్టు పలక దగ్గర పూలు రోజూ పడుతూనే ఉన్నాయి, వాడినవి లహాపా ఏరి పారేస్తూనే ఉంది. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఆమె తాళాల గుత్తి తీసుకెళ్ళి నకాషిమా బల్ల మీద పెట్టింది.

అతను కంగారుపడ్డాడు. "ఇదేంటి ఆంటీ? నా మీద కోపమా?"

"లేదు బాబూ."

"కొత్తవాటికి తెల్ల పలకలేయిస్తున్నా, గొట్టంతో నీళ్ళు కొడితే చాలు. మీకు పని సగానికి తగ్గుతుంది. ఇంకో మూడేళ్ళుంటే పింఛను కూడా పెరుగుతుంది. ఇన్నేళ్ళూ ఉండి ఇప్పుడు మానేస్తారా?"

లహాపా తాళాల గుత్తిని అతని వైపు జరిపింది. నకాషిమా లేచి వచ్చి, చేతిలో టోపీ నలుపుతూ, ఓదార్పుగానే అన్నాడు.

"మీరు ఊరికే బెంగ పెట్టుకున్నారు ఆంటీ. తవ్వేటప్పుడు నేను దగ్గరుండి చూశాను. చిన్న గుహ ఉంది గాని ఖాళీ. అక్కడ ఎవ్వరూ లేరు."

"అవును బాబూ, ఎవ్వరూ లేరు" అంది లహాపా. "అందుకే వెళ్ళిపోతున్నా."